సుంకపు మెట్టు దగ్గర గల్ఫ్ పెట్టె



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో రెండు ఎదురుచూపులు మొదలవుతాయి. ఒకటి క్రిస్మస్ కోసం. రెండోది కువైట్ నుంచి, దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చే మనవాళ్ల కోసం. కడప, అన్నమయ్య జిల్లాల్లోనూ, గోదావరి జిల్లాల్లోనూ, అటు జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని సంఘం అరుదు. ఈ నెలలో సంఘకాపరులను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. "అయ్యగారూ, మా అక్క పదమూడేళ్లకు కువైట్ వదిలేసి వచ్చేస్తోంది. ఇంటి సామాను, కాస్త బంగారం తెస్తోంది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా?"

ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక పదమూడేళ్ల కష్టం ఉంది. పెద్ద ఉద్యోగాల్లో దేశం మారే వారికి కంపెనీయే సామాను ప్యాక్ చేయించి, కాగితాలు రాయించి, సుంకం సంగతి చూసుకుంటుంది. ఇళ్లలో పనిచేసే తల్లికి, ఎండలో ఇటుకలు మోసే అన్నకు చెప్పేవారు ఉండరు. విదేశంలో కాపురం ముగించి స్వదేశానికి వచ్చేవారి సామాను మీద 2025లో మన దేశపు నిబంధన ఏమిటి, అది ఎవరికి మేలు చేసింది, ఎవరిని మరిచిపోయింది అన్నది ఈ వారం మేము పరిశీలించదలచాము. 

నిబంధన ఏం చెప్పింది

2025లో విదేశం నుంచి ప్రయాణికుడు తెచ్చే సామానును 1962 నాటి కస్టమ్స్ చట్టం, దాని కింద వచ్చిన 2016 నాటి బ్యాగేజీ నిబంధనలు పాలించేవి. ఈ నిబంధనలు 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం గల్ఫ్ నుంచి విమానంలో వచ్చే భారతీయుడు తన వాడుక బట్టలు, వస్తువులు కాక 50,000 రూపాయల విలువైన సామాను సుంకం లేకుండా తెచ్చుకోగలిగేవాడు. పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఒక ల్యాప్‌టాప్ అదనం. ఈ 50,000 ఎవరిది వారిదిగానే ఉండేది. భర్త మిగుల్చుకున్న పరిమితిని భార్య సామానుకు కలపడం కుదిరేది కాదు.

అక్కడ కాపురం ముగించి వచ్చేవారికి వేరే రాయితీ ఉండేది. దాన్ని నివాస మార్పు రాయితీ అనవచ్చు. అది మెట్లు మెట్లుగా ఉండేది. విదేశంలో మూడు నెలల నుంచి ఆరు నెలలు ఉన్నవారు 60,000 రూపాయల ఇంటి సామాను సుంకం లేకుండా తేగలిగేవారు. ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంటే లక్ష. గత రెండేళ్లలో కనీసం ఏడాది ఉంటే రెండు లక్షలు. రెండేళ్లు, అంతకు మించి ఉన్నవారికి ఐదు లక్షలు. ఆఖరి మెట్టుకు మరి రెండు షరతులు ఉండేవి. ఆ రెండేళ్లలో మధ్యమధ్య స్వదేశానికి వచ్చిన రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటకూడదు. అంతకు ముందు మూడేళ్లలో ఈ రాయితీ వాడుకుని ఉండకూడదు.

ఈ రాయితీలో వాషింగ్ మెషిన్, గ్యాస్ లేక కరెంటు పొయ్యి, కంప్యూటర్, 300 లీటర్ల లోపు ఫ్రిజ్ చెల్లేవి. 300 లీటర్లు దాటిన ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్, హోమ్ థియేటర్, గిన్నెలు కడిగే మెషిన్, టీవీ ఇందులోకి వచ్చేవి కావు. టీవీ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చే ప్రతివారి చేతిలో ఫ్లాట్ టీవీ పెట్టె ఉండేది. రూపాయి విలువ పడిపోతున్న 2013లో, ఆగస్టు 26 నుంచి ప్రభుత్వం ఆ ఉచిత వెసులుబాటును తీసేసింది. 2025లో పరిమితి దాటిన సామాను మీద సుంకం 35 శాతం. దాని మీద సర్‌చార్జి కలిపితే 38.5 శాతం అయ్యేది. లక్ష రూపాయల వస్తువుకు 38,500 రూపాయలన్నమాట.

మనిషితో పాటు కాక విడిగా ఓడలోనో, కార్గోలోనో వచ్చే సామానుకు ఇంకొన్ని నియమాలు ఉండేవి. ఆ సామాను విదేశంలో ఆ మనిషి స్వాధీనంలో ఉన్నదై ఉండాలి. మనిషి దేశానికి చేరిన నెలలోపు అక్కడి నుంచి పంపి ఉండాలి. ముందే పంపితే మనిషి రావడానికి రెండు నెలల ముందు వరకు చేరవచ్చు. 50,000 రూపాయల సాధారణ రాయితీ విడిగా వచ్చే సామానుకు వర్తించేది కాదు. నివాస మార్పు రాయితీ మాత్రం వర్తించేది. ఈ తేడా తెలియక "యాభై వేల వరకు ఫ్రీ అట" అని విని కార్గోలో పెట్టెలు వేసినవారు తర్వాత ఇబ్బంది పడేవారు.

కాపురం ముగించకుండా, అక్కడే ఉండి ఇంటికి పెట్టె పంపేవారి పరిస్థితి ఇంకా మారిపోయింది. 20,000 రూపాయల వరకు కానుకగా పంపే పెట్టెకు సుంకం లేని రోజులు ఉండేవి. 2017లో జీఎస్టీ వచ్చిన వేళ ఆ రాయితీని తొలగించారు. 2019 డిసెంబరులో రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప కానుకల పేరిట సుంకం లేకుండా వచ్చే సామానుకు తలుపు మూసేశారు. నీడో పాలపొడి, దుప్పట్లు, సెంటు సీసాలు నింపి పండగకు పంపే గల్ఫ్ పెట్టె ఇప్పుడు చట్టం దృష్టిలో మామూలు దిగుమతి సరుకే.

వాడారా, ఎంత ఖరీదు

ఇల్లు మారే మనిషి సామాను విషయంలో ఇతర దేశాలు ఎలా ఆలోచిస్తున్నాయో చూస్తే మన నిబంధన స్వభావం బాగా అర్థమవుతుంది. అమెరికాకు కాపురం మార్చేవారు ఒక ఏడాది వాడిన ఇంటి సామానును సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. బ్రిటన్‌కు మారేవారు వరుసగా 12 నెలలు బయట నివసించి, ఆ వస్తువులను కనీసం ఆరు నెలలు వాడి ఉంటే చాలు. తెచ్చిన తర్వాత ఏడాది వరకు వాటిని అమ్మకూడదన్నది వారి షరతు. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాల ఉమ్మడి కస్టమ్స్ చట్టం కూడా మొదటిసారి నివాసానికి వచ్చే పరాయి దేశస్థుల వాడిన ఇంటి సామానుకు సుంకం మినహాయిస్తోంది.

ఆ దేశాలు అడిగే మొదటి ప్రశ్న, "నువ్వు దీన్ని వాడుకున్నావా?" అని. మన నిబంధన అడిగే మొదటి ప్రశ్నలు, "ఎన్నాళ్లు ఉన్నావు? దీని ఖరీదెంత?" అని. వాడకాన్ని కొలబద్ద చేస్తే ధరలు పెరిగినా నియమం పాతబడదు. ఖరీదును కొలబద్ద చేస్తే ఏటేటా సవరించాలి. సవరించకపోతే చట్టంలో మాట మారకుండానే రాయితీ కరిగిపోతుంది. 2016లో ఐదు లక్షలకు వచ్చిన సామాను 2025లో ఐదు లక్షలకు రాలేదు. కాగితం మీద రాయితీ అలాగే ఉండిపోయింది. దాని విలువ తగ్గింది.

బంగారం దగ్గర అసలు చిక్కు

ఇంటి సామాను కంటే పెద్ద చిక్కు బంగారం దగ్గర వచ్చేది. ఏడాదికి మించి విదేశంలో ఉండి తిరిగివచ్చే స్త్రీ 40 గ్రాముల నగలు, పురుషుడు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తేవచ్చని 2016 నిబంధన చెప్పింది. నలభై గ్రాములంటే ఐదు కాసులు. తెలంగాణ బజారు లెక్కలో నాలుగు తులాలు. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ వాక్యంలోనే ఇంకో షరతు ఉండేది. స్త్రీ నగల విలువ లక్ష రూపాయలు, పురుషుడి నగల విలువ 50,000 రూపాయలు దాటకూడదు.

ఈ విలువ పరిమితులు 2016లో కొత్తగా పెట్టినవి కూడా కావు. 2013 బడ్జెట్‌లో, అప్పటివరకు ఉన్న 10,000, 20,000 రూపాయల పరిమితులను పెంచి పెట్టినవి. 2016లో నిబంధనలు తిరగరాసినప్పుడు బరువు చేర్చారు, విలువను ముట్టుకోలేదు. అప్పుడు 10 గ్రాముల బంగారం సుమారు 29,000 రూపాయలు. కనుక బరువు, విలువ ఇంచుమించు పక్కపక్కనే ఉండేవి. 2025లో 10 గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది. ఆ ధరన లక్ష రూపాయలకు పది గ్రాములు కూడా రావు. చట్టం ఐదు కాసులు అంది, విలువ పరిమితి కాసు దగ్గరే ఆపేసింది.

లెక్క వేసి చూద్దాం. 10 గ్రాములు 1,25,000 రూపాయలనుకుంటే 40 గ్రాముల విలువ ఐదు లక్షలు. లక్ష తీసేస్తే నాలుగు లక్షల మీద సుంకం కట్టాల్సి వచ్చేది. ఆరు నెలలకు మించి విదేశంలో ఉన్నవారికి తగ్గింపు రేటు ఉండేది. 2024 జూలై బడ్జెట్‌లో బంగారం సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి దించారు, అది మంచి పని. ఆ లెక్కన కూడా 24,000 రూపాయలు కట్టాల్సి వచ్చేది. కువైట్ ప్రభుత్వం 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు. 2025 మారకంలో అది 17,000 రూపాయల దరిదాపు. అంటే బరువు ప్రకారం ఆ తల్లి ఏమీ కట్టనక్కర్లేదు. విలువ ప్రకారం నెల జీతాన్ని మించి కట్టాల్సి వచ్చేది. పైగా ఆ తగ్గింపు రేటు కావాలంటే సుంకాన్ని విదేశీ కరెన్సీలోనే చెల్లించాల్సి ఉండేది. చేతిలో దినార్లన్నీ మార్చేసుకుని దిగిన మనిషికి అదొక కొత్త తలనొప్పి.

గల్ఫ్‌లో పనిచేసే స్త్రీకి బంగారం ఆడంబరం కాదన్నది మనందరికీ తెలిసిన సంగతి. చాలామందికి అక్కడ బ్యాంకు పని తెలియదు. ఇంటికి పంపిన డబ్బు ఖర్చయిపోతుంది. చేతికి వేసుకున్న గాజు మాత్రం చేతికే ఉంటుంది. కూతురి పెళ్లి, కొడుకు ఫీజు, తన ముసలితనం అన్నీ ఆ గాజులోనే ఉంటాయి. ప్రభుత్వం దాన్ని దిగుమతి సరుకుగా చూడడం చట్టరీత్యా తప్పు కాకపోవచ్చు. కానీ అది ఒక మనిషి కూడబెట్టిన జీతమన్న సంగతి నిబంధన రాసేవారికి తెలియాలి.

అందరికంటే పేదవారు మెట్ల కింద

ఈ మెట్ల వ్యవస్థలో మరో లోపం ఉండేది. ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ రాయితీ. అందులో న్యాయం ఉంది, కాదనము. కానీ తక్కువ కాలంలో ఎవరు తిరిగి వస్తారు? ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించిన పని ఒకటి అయినప్పుడు పారిపోయి రాయబార కార్యాలయం గేటు పట్టుకున్నవారు. జీతం ఇవ్వని యజమాని దగ్గర నుంచి ఎనిమిదో నెలలో బయటపడినవారు. జబ్బుచేసి పంపించివేయబడినవారు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు పాస్‌పోర్టు లేక అత్యవసర ప్రయాణ పత్రం మీద వచ్చినవారు. కువైట్ 2018లోనూ, 2024లోనూ అలాంటి క్షమాభిక్ష ప్రకటించింది.

2025లో ఏడాది నిండనివారికి నగల రాయితీ లేదు. ఆరు నెలలు నిండనివారికి 6 శాతం రేటూ లేదు, 38.5 శాతమే. పదేళ్లు బాగా సంపాదించి వచ్చిన ఇంజనీరుకు ఐదు లక్షల వరకు సుంకం ఉండేది కాదు. మోసపోయి అయిదో నెలలో వచ్చిన స్త్రీ మెడలోని కొత్త గొలుసు మీద మాత్రం అత్యధిక రేటు. నిబంధన రాసినవారు ఇలా కోరుకుని ఉండరు. రోజుల లెక్క ఒక్కటే చూస్తే ఇలాగే జరుగుతుంది.

ఇక తిరిగి రానివారి సంగతి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల వసతి భవనం కాలిపోయి 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. అలాంటి మరణం తర్వాత పార్థివ దేహం ఇంటికి వస్తుంది. మనిషి గదిలో మిగిలిన పెట్టె సంగతి ఎవరికీ పట్టదు. మరణించినవారు వాడిన సొంత వస్తువులు, ఇంటి సామాను సుంకం లేకుండా రావచ్చు. అవి వారివేనని భారత రాయబార కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. ఈ వెసులుబాటు ఉందని తెలియక ఎన్ని కుటుంబాలు ఆ పెట్టెను వదులుకుంటున్నాయో! సంఘకాపరులారా, ఈ ఒక్క వాక్యం మీ డైరీలో రాసుకోండి.

ప్రభుత్వం వైపు మాట

సుంకం లేకపోతే బాగుండునని మేము అనడం లేదు. మన దేశం వాడే బంగారంలో దాదాపు అంతా దిగుమతే. దానికి విదేశీ మారకం కావాలి. సుంకం పెంచినప్పుడల్లా దొంగ రవాణా పెరుగుతుందన్నదీ నిజమే. అందులో బలయ్యేది ఎవరు? టికెట్ డబ్బులిస్తాం, ఈ బెల్టు కట్టుకుని వెళ్లు అంటే ఒప్పుకునే పేద కార్మికుడు. బంగారం వేరొకరిది, కేసు మాత్రం అతనిది. కస్టమ్స్ అధికారి ప్రతి గల్ఫ్ ప్రయాణికుడినీ అనుమానంతో చూసే పరిస్థితిని ఈ ముఠాలే తెచ్చిపెట్టాయి. వేల మందిని తనిఖీ చేసే అధికారికి బరువు, విలువ, రోజులు వంటి స్పష్టమైన కొలతలు కావాలన్న మాటలోనూ అర్థముంది.

అయితే స్పష్టమైన కొలత కావాలంటే బరువు ఒక్కటే చాలు. తూకం వేస్తే తెలిసిపోతుంది. ధర మారినా నలభై గ్రాములు నలభై గ్రాములే. 2025లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ప్రయాణికుల నగల కేసులు వరుసగా వచ్చాయి. బంగారం ధరల దృష్ట్యా ఈ నిబంధనలను మళ్లీ చూడాలని కోర్టు చెప్పింది. ముద్రించిన కాగితం మీద ప్రయాణికుడి సంతకం తీసుకుని, నోటీసు పొందే హక్కును అతడే వదులుకున్నాడని చూపడం చెల్లదని కూడా తేల్చింది. వస్తువు ఆపేసిన ఆరు నెలల్లోగా నోటీసు ఇవ్వాలి. గడువు పెంచితే మరో ఆరు నెలలు. ఇవ్వకపోతే వస్తువు తిరిగి ఇచ్చేయాలి. చట్టంలో ఈ రక్షణ ఉంది. చదువు రాని ప్రయాణికుడికి ఉందని తెలియదు.

మేము కోరేది నాలుగు విషయాలు. ఒకటి, నగల మీద విలువ పరిమితి లేకుండా బరువునే కొలతగా ఉంచాలి. రెండు, ఇంటి సామాను పరిమితులను ధరలతో పాటు కాలానుగుణంగా సవరించాలి. మూడు, అత్యవసర పత్రం మీద, రాయబార కార్యాలయం ధ్రువీకరణతో తిరిగివచ్చే బాధితులకు రోజుల లెక్కతో పని లేకుండా నగల రాయితీ ఇవ్వాలి. నాలుగు, శంషాబాద్, గన్నవరం, తిరుపతి, చెన్నై విమానాశ్రయాల్లో సామాను ప్రకటన పత్రం తెలుగులో ఉండాలి, నింపడానికి సాయం చేసే మనిషి ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఖజానా కుంగిపోదు. మన ఎంపీలు పండగ సభలకు వచ్చినప్పుడు శాలువాతో పాటు ఈ నాలుగు కోరికల కాగితం కూడా చేతికివ్వండి.

సంఘం చేయవలసింది

నిబంధన మారేవరకు ఊరుకోనక్కర్లేదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెబుతాము.

వెళ్లేటప్పుడే మొదలుపెట్టాలి. సొంత నగలు పెట్టుకుని విదేశానికి వెళ్లేవారు బయలుదేరే విమానాశ్రయంలోనే కస్టమ్స్ అధికారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఉంటే అవే నగలు తిరిగి తెచ్చినప్పుడు గొడవ ఉండదు. ఎవరో ఇచ్చిన పొట్లం పెట్టెలో పెట్టుకోకూడదు. మన వంటింట్లో ఉండే గసగసాలు సౌదీలోనూ, ఎమిరేట్స్‌లోనూ నిషిద్ధం. మసాలా పొట్లంతో జైలు పాలు కావచ్చు. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా తీసుకెళ్లవద్దు. "మా తమ్ముడికి ఈ డబ్బా ఇవ్వమ్మా" అని గుడి మెట్ల మీద పొట్లం అందించేవారికి నో అనడానికి మొహమాటపడవద్దు.

వచ్చేటప్పుడు బిల్లులు దాచుకోవాలి. ఇంటి సామానుకు పట్టిక రాసుకోవాలి. వస్తువు పేరు, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఫొటో ఉంటే చాలు. పాస్‌పోర్టులో రాకపోకల ముద్రల రోజులు కూడి ఆరు నెలలు దాటలేదని ముందే చూసుకోవాలి. పరిమితి దాటిందన్న అనుమానం ఉంటే ఎర్ర దారిలోకి వెళ్లి చెప్పాలి. కస్టమ్స్ వారి 'అతిథి' యాప్‌లో ముందే ప్రకటించుకోవచ్చు కూడా. దాచిపెట్టి ఆకుపచ్చ దారిలో వెళ్లి దొరికితే వస్తువు జప్తు కావచ్చు, జరిమానా అదనం. చెప్పి నిలబడితే సుంకం మాత్రమే. సుంకం కట్టే స్తోమత లేకపోతే మరో దారి ఉంది. సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లేవారు, నిజాయితీగా ప్రకటించిన వస్తువును అధికారుల దగ్గరే ఉంచి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుపోతామని అడగవచ్చు. చట్టంలోని 80వ సెక్షన్ అందుకోసమే.

సంఘానికి కూడా ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చేవారిని కీబోర్డు తెమ్మనడం, మైకు సెట్టు తెమ్మనడం, ప్రొజెక్టరు తెమ్మనడం మన దగ్గర మామూలైపోయింది. ప్రయాణికుడు నిజమైన కానుకలు తేవచ్చు, తన పరిమితి లోపల. ఆ పరిమితి వారి పిల్లల కోసం ఉన్నది. దాన్ని మనం వాడేసుకుంటే వారు తమ సామానుకు సుంకం కట్టాలి. పరిమితి దాటితే ఆ భారం సంఘం భరించాలి గానీ "ప్రార్థన చేసి దాటుకుని రా" అని చెప్పడం కాపరికి తగదు. లాబాను వచ్చి గుడారాలు వెదికినప్పుడు రాహేలు ఒంటె సామగ్రి కింద ఏం దాచి కూర్చుందో మనకు తెలుసు. ఆమె దొరకలేదు. దొరకలేదు కనుక ఆ పని మంచిదని ఏ బోధకుడూ చెప్పడు.

ఇంకొకటి. వచ్చిన మనిషిని సామాను బరువుతో కొలవడం మానాలి. పెద్ద పెట్టెలతో దిగినవారికి కృతజ్ఞతా కూడిక, సాక్ష్యం, ముందు వరసలో కుర్చీ. ఖాళీ చేతులతో, అత్యవసర పత్రం మీద వచ్చినవారు వెనక బల్ల మీద తల దించుకుని కూర్చుంటారు. అప్పు చేసైనా పెట్టె నింపుకుని రావాలన్న ఒత్తిడి మన చూపుల్లోంచే పుడుతోంది. ఆ ఒత్తిడే కొందరిని పరాయివాళ్ల బంగారం మోయడానికి ఒప్పిస్తోంది.

సుంకం వసూలు చేసేవారు తమ దగ్గరికి వచ్చి ఏం చేయాలని అడిగితే, బాప్తిస్మమిచ్చు యోహాను వారిని ఉద్యోగం మానెయ్యమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. మత్తయి కూర్చున్నదీ సుంకపు మెట్టు దగ్గరే. అధికారులు నిర్ణయించినంతే తీసుకోవాలి. మనం ఇవ్వవలసింది ఇవ్వాలి. నిర్ణయించేవారు ఎవరి చెమట మీద లెక్క వేస్తున్నారో చూసి వేయాలి. 2013లో పెట్టిన లక్ష రూపాయల గీత 2025లో ఒక ఇంటి పనిమనిషి నెల జీతాన్ని మించి తీసుకుంది. ఇలాంటి గీతలను కదిలించడం ఢిల్లీ పని.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, గల్ఫ్‌లో మనుషులున్న కుటుంబాలను ఒక అరగంట కూర్చోబెట్టండి. సంఘంలో చదువుకున్న యవ్వనస్థుడెవరైనా ప్రస్తుత నియమాలు చదివి వినిపించాలి, ఎవరెవరు ఎప్పుడు వస్తున్నారో రాసుకోవాలి, సామాను పట్టిక రాయడంలో ఫోన్‌లో సాయం చేయాలి. ఆ పట్టిక చేతిలో ఉంటే రేపు విమానాశ్రయంలో మీ అక్క భయం లేకుండా నిలబడుతుంది.